మినీ లారీకి ఎనిమిదో తరగతి

మా ముత్తాతగారు వత్సవాయి వైపు నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసిన మనిషి. ఆయన గుర్రం మీద వస్తుంటే ఎదురొచ్చే బండ్లు దారి దిగి చేలో నిలబడేవట. మా తాతగారు మునసబు. ఊరి బడికి స్థలమిచ్చి, రాయి తోలించి, రెండు గదులు కట్టించారు. గుమ్మం పక్కన పలకరాయి మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. మా నాన్నగారూ మునసబే. ఎనభైల్లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసిన రోజున ఆయన ఊరి రికార్డులు అప్పగించి ఇంటికి వచ్చి, రోజూ తినే వేళకే భోజనానికి కూర్చున్నారు. పెరుగన్నం దాకా తిన్నారు. తరువాత, "రేపటి నుంచి ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మనకి చెప్పక్కర్లేదు" అన్నారు.

ఇదంతా గొప్పకు రాయడం లేదు. ఒక మినీ లారీ నడపడానికి నాకు రెండేళ్ళు ఎందుకు పట్టిందో తెలియాలంటే ఇది తెలియాలి.

మా ఇంట్లో మగవాళ్ళు బండి పగ్గం పట్టరు. తాతగారి గుర్రబ్బండి తోలిన ముస్లిం కుటుంబం ఒకటి ఉండేది. ఆ తోలినాయన కొడుకే మా నాన్నగారి జీపుకు డ్రైవరయ్యాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మూడో తరగతి దాకా తాతగారు కట్టించిన బడిలోనే చదివాడు. నేను చదవలేదు. మా వాళ్ళు బడి కట్టించారు గాని అందులో కూర్చోలేదు. మునసబు గారి మనవడు చాప మీద అందరి పిల్లలతో కలిసి కూర్చుంటే ఆ ఇంటికి మర్యాద కాదని తాతగారి అభిప్రాయం. అందువల్ల చదువే మా ఇంటికి నడిచి వచ్చేది. తెలుగూ సంస్కృతమూ చెప్పడానికి ఒక పండితుడు, లెక్కలకు జగ్గయ్యపేట నుంచి ఒక రిటైరైన మాస్టారు, ఇంగ్లీషుకు మధిరలో స్థిరపడ్డ ఒక మాజీ స్టేషన్ మాస్టరు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి నేను ఏ పద్యానికైనా తాత్పర్యం చెప్పగలను, చక్రవడ్డీ కట్టగలను, ఇంగ్లీషు పేపరు చదవగలను. చదువుకున్నట్టు చిన్న కాగితం ముక్క మాత్రం లేదు. కాగితం అడిగేవాడు మా ఇంటి గడప తొక్కుతాడని ఎవరూ అనుకోలేదు.

తొంభైల నడుమ, నాన్నగారు పోయాక, జీపు నడపడం నేర్చుకున్నాను. డ్రైవరు జ్వరంతో పడుకున్న నాడు పొలానికి వెళ్ళడానికి మనిషి లేక, అవమానంగానే నేర్చుకున్నాను. సొంత బండి లైసెన్సు ఇబ్బంది లేకుండానే వచ్చింది. అప్పట్లో చదువు సంగతి ఎవరూ అడగలేదు.

తొంభైల చివర జీపు మూలపడింది. పొలం మీద వచ్చేది పొలానికే చాలడం లేదు. "బాబుగారూ, ఇంకొకళ్ళ సరుకు మోస్తే తప్పేముందండి? మోసేది బండి కదా, మీరు కాదుగా" అన్నాడు డ్రైవరు. ఆ వాదం నాకు నచ్చింది. పాత మినీ లారీ ఒకటి కొన్నాం. నందిగామ జిన్నింగు మిల్లులకు పత్తి, గుంటూరుకు మిరపకాయ, తిరుగు ప్రయాణంలో జగ్గయ్యపేట నుంచి సిమెంటు. డ్రైవరు నడిపేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. యజమాని సరుకుతో పాటు వెళ్ళడం మా తాతగారి నాటి పద్ధతే.

ఒక్కటే చిక్కు. లారీలో డ్రైవరు పక్క సీటుకు లోకం పెట్టిన పేరు వేరు. చిల్లకల్లు దగ్గర ఒక మధ్యాహ్నం తనిఖీకి బండి ఆపారు. ఇన్‌స్పెక్టరు నా వైపు తలుపు తట్టి, "క్లీనరూ, కాగితాలు తే" అన్నాడు.

నేను కదల్లేదు. చొక్కా మీద అంచు కండువా సర్దుకున్నాను.

"ఆయన క్లీనరు కాదండి" అన్నాడు మా డ్రైవరు గాబరాగా. "మా బాబుగారండి."

"ఎవరైతే ఏంటయ్యా, కాగితాలు ఆ బాబుగారి కాళ్ళ దగ్గరే ఉన్నాయిగా!"

నిజంగానే కాగితాల సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. వంగి తీసి ఇచ్చాను. ఆ రోజు నుంచి సంచిని డ్రైవరు సీటు వెనక పెట్టించాను.

సరుకు బండి నడిపే లైసెన్సు మూడేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మా డ్రైవరు అప్పటికి రెండుసార్లు తేలిగ్గానే తెచ్చుకున్నాడు. మూడోసారి వెళ్ళి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమైంది?" అన్నాను.

"గోడ మీద అక్షరాల బోర్డు మార్చేశారండి" అన్నాడు. "పాతదైతే కింది వరస దాకా చెప్పేవాణ్ణి."

"చూసి చెప్పేవాడివా, గుర్తుపెట్టుకుని చెప్పేవాడివా?"

"బాబుగారికి తెలియందేముందండి" అన్నాడు.

అంతకుముందు మూడేళ్ళలో అతని పక్కన కూర్చుని గుంటూరు ఎన్నిసార్లు వెళ్ళివచ్చానో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, మధ్యలో ఆపేశాను. కంటికి ఆపరేషను చేయించాం గాని, లారీకి చాలినంత చూపు రాలేదు.

తరువాత ముగ్గురు డ్రైవర్లు వచ్చారు, ముగ్గురూ నిలవలేదు. మొదటివాడు పదకొండో రోజున నందిగామ సెంటర్లో బండి ఆపి, "మీరు పక్కనుంటే నాతో కాదండి. ఎదురొచ్చే బస్సుకి నేను దారిచ్చేలోపే మీరు చెయ్యి ఊపి వెళ్ళమంటన్నారు" అని దిగిపోయాడు. రెండోవాడు ఏ కారణమూ చెప్పకుండా మానేశాడు. అది ఇంకా అమర్యాద. మూడోవాడు ఒకనాడు ఉదయం బండితో సహా కనపడలేదు. వేదాద్రిలో వాళ్ళ చుట్టాల పెళ్ళి అని తెలిసింది. బస్సులు మారి వెళ్ళాను. సిమెంటు మోసే నా బండికి మామిడి తోరణం కట్టి ఉంది. పెళ్ళివారంతా అందులోనే వచ్చారట. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్న నిబంధన నేను చెప్పబోయేలోగా పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చి, మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషిననుకుని, చేతులు పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టాడు. భోజనం చేశాను. ఆకు వేశాక లేచిపోవడం మా ఇంటి అలవాటు కాదు. వడ్డించినవాడు మా డ్రైవరే. తలెత్తకుండా రెండుసార్లు పులిహోర వేశాడు.

ఆ సాయంత్రం నిశ్చయించుకున్నాను. బండి నాది, నేనే నడుపుతాను. నేను నడపలేకపోతే ఆ బండి ఉండదు, బండి లేకపోతే మాకు వేరే ఆధారం లేదు. ఈ మాట ఇంట్లో చెబితే నా భార్య, "హమ్మయ్య" అంది. 

నా దగ్గరున్నది సొంత బండి లైసెన్సు. కిరాయి సరుకు మోసే బండికి అది చాలదు. దాని మీద వేరే అనుమతి రాయించుకోవాలి. నందిగామలో రవాణా ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫారాలు చూసి, "అన్నీ బానే ఉన్నాయండి. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు ఒకటి పెట్టండి" అన్నాడు.

"అదెందుకు?"

"కొత్త రూలండి. కిరాయి బండి నడపాలంటే ఎనిమిది పాసై ఉండాలి."

"నేను ఇంటి దగ్గర చదువుకున్నాను. సంస్కృతం కూడా వచ్చు."

అతను ఫారం అటూ ఇటూ తిప్పి నిజంగానే వెతికాడు. "సంస్కృతానికి ఇందులో కాలమ్ లేదండి" అన్నాడు బాధగా.

"మా డ్రైవరు చదివింది మూడో తరగతి. అతనికి లైసెన్సు ఎలా ఇచ్చారు?"

"ఆయనది రూలు రాకముందుదండి. పాతవాళ్ళకి వర్తించదు."

మా వంశం కంటే పాతవాళ్ళు ఆ తాలూకాలో ఎవరున్నారని అడగబోయాను. వెనక లైన్లో పదిమంది నిలబడి ఉన్నారు. లేచి వచ్చేశాను.

ఆఫీసు బయట రోడ్డుకు అవతల, పరదా పట్టా కింద బల్ల వేసుకుని ఫారాలు నింపే ఒకాయన ఉండేవాడు. నా మొహం చూసే సంగతి గ్రహించాడు.

"ఎనిమిదా అండి?" అన్నాడు.

"అవును."

"ఎక్కడ చదివినట్టు కావాలండి?" హోటల్లో సర్వరు ఇడ్లీనా దోసా అని అడిగినంత సహజంగా అడిగాడు. "దూరం ఊరైతే మంచిదండి. బడి మూసేసిందైతే మరీ మంచిది. అడగటానికి ఎవరూ ఉండరు."

"నేను చదవని బడిలో చదివినట్టు రాయిస్తావా?"

"చదివిన బడి ఉంటే నా దగ్గరికెందుకొస్తారండి మీరు!"

ఆ మాట నిజమే. కానీ దొంగ సర్టిఫికెట్టు మాట విన్నాక ఆ నీడలో నిలబడటం కూడా కష్టమైంది. తాతగారు నిజమైన బడి కట్టిస్తే, మనవడు లేని బడిలో చదివినట్టు కాగితం పుట్టించడమా? ఎండలోకి వచ్చి బస్సెక్కాను.

ఊరి బడి హెడ్‌మాస్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు, పలకరాయికి కొత్తగా సున్నం వేయించిన సంగతి చెప్పాడు. సంగతంతా విని, పాత అడ్మిషను రిజిస్టర్లు దింపించి గంటసేపు వెతికాడు. మా డ్రైవరు పేరు దొరికింది. మా పాలేర్ల పేర్లు, వాళ్ళ కొడుకుల పేర్లు దొరికాయి. మా ఇంటి పేరుతో ఒక్కరూ లేరు.

"ఓపెన్ స్కూల్లో నేరుగా పది కట్టండి సార్" అన్నాడు చివరికి. "పదిలో ఎనిమిది ఉంటుంది కదా."

అలా నలభై ఏడో ఏట పదో తరగతి పరీక్షకు కట్టాను. ఆదివారాల్లో జగ్గయ్యపేటలో క్లాసులు. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. "కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు. ఎవరో నల్లబల్ల తుడిచారు. నేను వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూర్చునేసరికి తలలన్నీ వెనక్కి తిరిగాయి. అయిదు నిమిషాలకు అసలు మాస్టారు వచ్చాడు. ఆయనకు ఎవరూ లేవలేదు.

నా ముందు బెంచీలో ఒక అంగన్‌వాడీ ఆయా కూర్చునేది. పది పాసైతే టీచరుగా ప్రమోషను వస్తుందని ఆశ. మొదటి రెండు వారాలు నన్ను "మాస్టారూ" అనే పిలిచింది. లెక్కల్లో చిక్కొస్తే నన్నే అడిగేది. ఆమెకు శాతాలు నేనే నేర్పాను.

పరీక్షలకు నేను భయపడలేదు. లెక్కలు తేలిగ్గా రాశాను. ఇంగ్లీషు మా స్టేషన్ మాస్టరు గారి పుణ్యమా అని ఇంకా తేలిక. టెలిగ్రాముకు మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి పది మాటలతో అయ్యే పనికి పదకొండో మాట వాడకూడదని ఆయన నేర్పారు. అలాగే రాశాను. తెలుగు పేపరు నాడు మాత్రం మనసారా కూర్చున్నాను. మొదటి ప్రశ్న ఒక పద్యానికి భావం. నాలుగు వాక్యాల్లో రాయమన్నారు. ఆ పద్యాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పమనడం మా పండితుడు గారి ముందు అయితే తన్నులు తినే మాట. పదవిభాగం చేశాను, అలంకారం చెప్పాను, మూలంలో దాని సందర్భం వివరించాను, ప్రశ్నలో అచ్చుతప్పు ఉంటే ఎత్తి చూపించాను. అడిషనల్ పేపర్లు అడుగుతూ ఉన్నాను. ఇన్విజిలేటరు నాలుగోసారి ఇస్తూ, "అన్నీ రాస్తున్నారా సార్?" అన్నాడు మెచ్చుకోలుగా. గంట కొట్టేసరికి నేను రెండో ప్రశ్నలో ఉన్నాను.

ఫలితాలు వచ్చాయి. లెక్కలు, సైన్సు, సోషలు, ఇంగ్లీషు అన్నీ పాస్. తెలుగులో తప్పాను.

ఆ వార్త ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక బస్టాండు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అక్కడే ఆయా కనిపించింది. ఆమె అన్నీ పాసైంది. స్వీటు ప్యాకెట్టు పట్టుకుని ఉంది.

"మీకెన్నొచ్చినయ్యండి?" అంది.

చెప్పాను. ఆమె నవ్వలేదు. స్వీటు నా చేతిలో పెట్టి ఆలోచించింది.

"తెలుగులోనా! మీరా!" అంది. "ఏం రాశారండి అసలు?"

అదీ చెప్పాను.

"అయ్యో బాబుగారూ!" ఆ రోజు మొదటిసారి నన్ను అలా పిలిచింది. "అడిగింది రాయాలండి. తెలిసింది కాదు. మా పిల్లలు కూడా అంతే. కాకి ఏ రంగంటే కాకి కథ మొత్తం చెప్తారు. నల్లగా ఉంటదని చెప్పి కూర్చోరు."

ఒక ఆయా నన్ను అయిదేళ్ళ పిల్లలతో పోల్చింది. మరొకరెవరైనా అయితే ఆ మాటకు నేను ఇంకోలా జవాబు చెప్పేవాణ్ణి. కానీ నా నోట్లో ఆమె లడ్డూ ఉంది.

ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష. ఈసారి నాలుగు వాక్యాలంటే నాలుగే రాశాను. ప్రతి ప్రశ్నకూ మా పండితుడు గారికి మనసులో క్షమాపణ చెప్పుకుంటూ రాశాను. గంట ముందే అయిపోయింది. పాసయ్యాను. మార్కులు చెప్పదగినవి కావు.

ఇక ఖాకీ చొక్కా. కిరాయి బండి నడిపేవాడు ఖాకీ వేసుకోవాలి. జగ్గయ్యపేటలో మా నాన్నగారి లాల్చీలు కుట్టిన టైలరు దుకాణానికే వెళ్ళి గుడ్డ ఇచ్చాను.

"ఎవరి కొలతలండి?" అన్నాడు.

"నావే."

అతను టేపు మెడలోంచి తీసి, నా చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నాడు. చివరికి, "కాలరు మంచిది వేస్తానండి. దగ్గర్నుంచి చూస్తే ఖాకీ అనిపించదు" అన్నాడు. దగ్గర్నుంచీ దూరం నుంచీ కూడా అది ఖాకీలాగే ఉంది. దాని మీద అంచు కండువా వేసుకుని నందిగామలో పరీక్షకు వెళ్ళాను. తోడుగా మా పాత డ్రైవరు వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు కుర్రవాడు. బోర్డు మీద గుర్తులు చూపించి అడుగుతూ పోయాడు.

"ఇదేంటండి?"

"బడి."

"అయితే ఏం చేయాలి?"

"మెల్లగా పోవాలి."

ఆ గుర్తు మీద గంటసేపు మాట్లాడగల మనిషిని నేను. ఆయా మాట గుర్తుపెట్టుకుని ఆపేశాను. ఆయన సంతోషంగా టిక్కులు పెట్టుకున్నాడు. "కండువా స్టీరింగుకి తగలకుండా చూసుకోండి. ఇక బండెక్కండి" అన్నాడు.

ఎక్కాను. తలుపు వేసుకున్నాను. నిటారుగా కూర్చున్నాను.  బండి కదలలేదు. కొంతసేపటికి ఇన్‌స్పెక్టరు నడిచి వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"బండి ఎవరు నడుపుతారండి?" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటున ఎడం పక్క ఎక్కాను. నా కుడివైపు స్టీరింగు ముందు సీటు ఖాళీగా ఉంది. నేను డ్రైవరు వచ్చి కూర్చోవడం కోసం ఎదురుచూస్తున్నాను.

"బాబుగారూ, అటుపక్కండీ!" అని కంచె అవతల నుంచి అరిచాడు మా డ్రైవరు. అక్కడున్న వాళ్ళంతా విన్నారు.

దిగలేదు. గేరు రాడ్డు మీదుగా పంచె పైకెత్తి అటు జరిగాను. ఎనిమిది అంకె తిప్పించారు, తిప్పాను. వెనక్కి పోనిమ్మన్నారు, పోనిచ్చాను. ఎత్తు మీద ఆపి, బండి వెనక్కి జారకుండా కదిలించమన్నారు. అది మా డ్రైవరు మా చెరువు గట్టు మీద నెలరోజులు నా చేత చేయించిన పని. ఇంచి కూడా జారలేదు. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, "బాగా నడిపారండి" అన్నాడు. పొగడ్తలకు పొంగడం మా ఇంట్లో లేదు. "ఊఁ" అన్నాను. బయటికి వచ్చాక మా డ్రైవరు కళ్ళు తుడుచుకుంటుంటే, ఆపరేషను చేసిన కంటికి దుమ్ము తగలనీయవద్దని మందలించాను.

లైసెన్సు చేతికొచ్చింది గాని ఈ రెండేళ్ళూ బండి పశువుల కొట్టం పక్కన టార్పాలిను కింద నిలబడి ఉంది. గట్టు మీద నేర్చుకున్న నెలకూ, పరీక్ష నాటికీ అరువు బ్యాటరీ పెట్టి నెట్టుకొచ్చాం. టైర్లు నాలుగూ పగుళ్ళిచ్చాయి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు గడువు దాటింది. లైసెన్సున్న డ్రైవరు ఉన్నాడు, రోడ్డెక్కే బండి లేదు. నేను డ్రైవరు సీట్లో కూర్చోవడానికి పడ్డ పాటంతా టైర్ల దగ్గర ఆగిపోకూడదు. నందిగామలో పాత టేకు కొనే ఒక ఫర్నిచరు వ్యాపారితో మాట్లాడి, కొంత బయానా తీసుకుని బండి బాగు చేయించాను.

ఖాకీ చొక్కాతో నేను వేసిన మొదటి లోడు మాదే. తాతగారు కూర్చుని తగవులు తీర్చిన చావిడి టేకు స్తంభాలు, పన్నెండు. వాటితో పాటు రెండు జతల తలుపులు. చావిడి స్థలం అప్పుడు అమ్మలేదు. అది మరుసటి ఏడు అమ్మాము.